సజ్జ మీది సంచి

ఫిబ్రవరి 3, సోమవారం

తొక్కు జాడీ దించుదామని స్టూలెక్కితే జాడీ ఎనక ఇంకేందో చేతికి తగిలింది. నా బిడ్డ పావని డిగ్రీల మోసిన నల్ల సంచి. జిప్పు పోయింది, పారేస్తనని పోయినేడే అన్నది. పారెయ్యలే. కొత్త జిప్పు ఏయించి, తొక్కు జాడీ ఎనక దాచింది.

ఒకరి సంచి తెరిచే అలవాటు నాకు లేదు. కొత్త జిప్పు సక్కగ పడుతదా లేదా సూద్దామని గుంజిన, అంతే.

లోపట ఒక టార్చిలైటు, ప్లాస్టిక్ తాడు చుట్ట, బట్టలారేసే క్లిప్పులు, మడత ఇప్పని తెల్ల గుడ్డ. బట్టలారేసెతందుకు ఇంట్ల తీగ ఉన్నది, క్లిప్పులు గూడ ఉన్నయి. మల్ల ఇవి ఏ ఊర్ల ఆరేస్తదట? టార్చి ఎందుకు? వనపర్తిల దాని బడోల్లు నల్లమలకు టూరు గిట్ల పోతున్నరేమో. లెక్కల టీచరు గదా, పిల్లల ఎంబడి పోవాలె. పోతే పోనీ, చెప్పనీకి ఏమైంది?

అన్నం తినేటప్పుడు అడుగుదామనుకున్న. అడగలే. తనే చెప్తదిలే.

ఫిబ్రవరి 5, బుధవారం

సంచిల గొడుగు కలిసింది. మాఘమాసంల గొడుగు.

ఇయ్యాల గూడ చెప్పలే.

ఫిబ్రవరి 8, శనివారం

సజ్జ మీద బూజు ఉండె. దులపనీకి ఎక్కిన. బూజు కోసమే.

ఇయ్యాల సంచిల రెండు కొత్తవి. ఒకటి బెల్లం ముద్ద, కవర్ల చుట్టి రబ్బరు ఏసింది. ఇంకోటి జీలకర్ర పొడి పాకెట్.

స్టూలు మీద నిలబడ్డదాన్ని అట్లనే కూసున్న. టూరుకు జీలకర్ర, బెల్లం ఎవరు తీస్కపోతరు? అవి రెండు కలిపి నెత్తిన పెట్టేది ఒక్కనాడే. అప్పుడు సమజైంది. తెల్ల గుడ్డ అడ్డుతెర. తాడు ఆ తెర కట్టనీకి. క్లిప్పులు గాలికి లేవకుంట. అంటే ఆరుబయట. అంటే పందిరి లేదు, హాల్ లేదు, మనోల్లు ఎవరూ లేరు. నా బిడ్డ చెప్పకుంట పోయి పెండ్లి చేసుకుంటున్నది.

నిజం రాస్తున్న, ఇది ఎవరు సదువుతరు గనుక. మొదలు బుగులైంది. బావ నాగప్ప ఇప్పటికే నాగర్‌కర్నూల్ సంబంధం చూసిపెట్టిండు, ఆయనకు ఏమని చెప్పాలె? దాని నాయిన కురుమూర్తి పోయినంక మాకు పెద్ద దిక్కు ఆయనే. కానీ జర సేపటికి బుగులు పోయి కోపం వచ్చింది. ఎవరినో కట్టుకుంటున్నదని కాదు. జీలకర్ర పొడి! పాకెట్‌ది! జీలకర్ర నానబెట్టి, బెల్లం ఏసి, రెండు ఒకటయ్యేదాక నూరాలె. పొడి పెడితే నెత్తి మీద నిలుస్తదా? గాలికి కండ్లల్ల పడుతది. పదిమందికి లెక్కలు చెప్తది, దీనికి గింత తెల్వదు.

పాకెట్ తీసేసిన. గింజ జీలకర్ర పొట్లం కట్టి పెట్టిన. చిన్న రోలు గూడ పెడుదామనుకున్న గని బరువైతదని ఊకున్న.

ఎవడు వాడు?

ఫిబ్రవరి 10, సోమవారం

ఆ పొడి పారేసుడెందుకని టమాట పప్పుల ఏసిన. పావని రెండు ముద్దలు తిని ఆగింది. జీలకర్ర వాసన ఎక్కువైంది గదమ్మా అన్నది. ఇంట్ల ఎక్కువ మిగిలింది బిడ్డా అన్న. నా దిక్కు చూసింది. నేను పప్పు దిక్కు చూసిన. మల్ల ఇద్దరం తిన్నం.

చెప్తదనుకున్న. గిన్నెలు కడిగి పోయి పండుకున్నది.

ఫిబ్రవరి 12, బుధవారం

అంగన్‌వాడీ సెంటర్‌ల పిల్లలు పండుకున్నరు, ఆయమ్మ కునుకు తీస్తున్నది. గిదే నాకు రాసుకునే టైము.

పొద్దున కుల్సుమ్‌బీ ఇంటికి పోయిన. మా గోడకు ఆనుకొనే వాళ్ల గోడ. నా జాకిట్ చేతులు బిగుతైనయి, వదులు చేయిద్దామని. (జాకిట్ మంచిగనే ఉన్నది.) ఆమె మిషిన్ మీద పసుపుపచ్చ జాకిట్, ఎర్ర అంచు. కొలత చూడంగనే గుర్తుపట్టిన, నా బిడ్డ భుజాలు నాకు తెల్వయా.

ఎవరిది అన్న. గోపాల్‌పేటల ఒకామెది అన్నది కుల్సుమ్. ఆ ఒకామె పేరు పావనా అన్న. దారం తెంపి, టేపు మెడల ఏసుకుని, కూసో అన్నది. అంతా చెప్పింది.

పిలగాని పేరు శ్రవణ్ కుమార్. అయిజ దిక్కు. పత్తి విత్తనం చేన్లల్ల కంపెనీ తరఫున తిరుగుతడట, మొగ్గలు గిల్లే కూలోల్లను చూసుకునుడు పని. కులం వేరే. అందుకే బావ ముంగట పేరు ఎత్తేటట్టు లేదు. శుక్రవారం, ఇరవై ఒకటిన, సోమశిల కాడ కృష్ణ ఒడ్డున. కాయితం పని తర్వాత ఆఫీసుల చేసుకుంటరట. గుళ్లె ఎందుకు వద్దట అంటే, పూజారి మొదలు అడిగేదే తల్లిదండ్రులు ఏరి అని గదా అన్నది కుల్సుమ్.

నేను ఆగకుంట అడిగిన. కోపిష్టోడా? గొంతు ఎట్లుంటది? తాగుతడా? చేన్లల్ల తిరిగెటోడంటే ఎండకు మాడిపోయి ఉంటడు గదా? కృష్ణ ఒడ్డున గాలి ఎట్లొస్తది? దీపం ఎట్ల నిలుస్తది? చీర యాడ మార్చుకుంటది? కుల్సుమ్ కొన్నిటికి చెప్పింది, కొన్నిటికి నవ్వింది. చివరికి నా చెయ్యి పట్టుకుంది.

"మణెమ్మా, నువ్వు గీ పెండ్లి ఆపుతవా, పెండ్లికి పోతవా? ముందు అది చెప్పు."

నాకేం తెల్వదన్న. నాకు ఎవరు చెప్పిండ్రు గనుక? చెప్పనిదానికి ఆపుడేంది, పోవుడేంది. జాకిట్ ఆన్నే ఇడిచిపెట్టి వచ్చిన.

ఫిబ్రవరి 13, గురువారం

పోయినేడు బావ బిడ్డ పెండ్లి యాదికొస్తున్నది. ఎందుకొస్తున్నదో.

బియ్యంల రాళ్లేరింది నేనే. ఎండుకొబ్బరి కుడుకలు తుడిచింది నేనే, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు పళ్లెంల సర్దింది నేనే. పిల్ల కొంగుల ఒడిబియ్యం పోసే టైముకు మా యారాలు, బావ ఇంటామె పెంటమ్మక్క నా చెవికాడికి వచ్చి, "మణెమ్మా, పాలు పొంగుతున్నయేమో జర చూసి రా" అన్నది. మెల్లగనే అన్నది. ఎవరికీ వినపడకుంట అన్నది. ఆమె మంచిది. ముత్తైదులు పోసేకాడ నాలాంటిది ఉండొద్దు, అది అందరికీ తెలిసిందే. నాకు బాధ కాలే. పాలు నిజంగనే పొంగుతుండె.

ఫిబ్రవరి 15, శనివారం

బావ వచ్చిండు. చాయ్ తాగిండు. ఇరవై మూడు, ఐతారం నాడు నాగర్‌కర్నూలోల్లు పిల్లను చూడనీకి వస్తరని చెప్పిండు. పిలగాడు గవర్నమెంటు నౌకరి, ఒక్కడే కొడుకు. నువ్వేం పరేషాన్ కాకు, ఖర్చు సంగతి నేను చూసుకుంటనన్నడు.

ఆయన చెడ్డోడు కాదు. మా చేను ఆయనే దున్నిపిస్తడు, ఆయనే పంట ఇంటికి తెస్తడు. పావని ఫీజులకు ఎన్నడూ చెయ్యి వెనక్కి తీయలే. అందుకే నోటిదాక వచ్చింది. బావా, ఐతారం దాక పిల్ల ఉండదు అని. ఒక్క మాట అంటే అన్నీ ఆగిపోతయి. పిల్ల నా కండ్ల ముందటనే ఉంటది. నాగర్‌కర్నూల్ పోయి వస్తది, పండుగకు పబ్బానికి కనపడ్తది. చెప్పకుంటే? ముఖం చూపియ్యక అయిజల ఉండిపోతే? నాకు ఉన్నదే అది ఒక్కతి.

ఎవరిని అడిగి చూడాలె? చాయ్ గిలాస ఎత్తి లోపటికి పోయిన.

ఇయ్యాల గూడ చెప్పలే. ఈసారి నేను.

ఫిబ్రవరి 16, ఐతారం

ఆ పెండ్లినాడు పాలు పొంగుతలేకుండె. పొయ్యి మీద పాలే లేకుండె.

ఫిబ్రవరి 17, సోమవారం

సంచి నిండుకొస్తున్నది. నేను పెట్టిన పిన్నీసుల పొట్లం పక్క జేబులకు మారింది. నేను పెట్టిన చిన్న అద్దం పసుపుపచ్చ జాకిట్ నడుమ, పగలకుంట చుట్టి ఉన్నది. అంటే దానికి తెలుసు. నాకు తెలుసని దానికి తెలుసు. అయినా ఇద్దరం పొద్దున లేచి నీళ్లొచ్చినయా, పాలోడు వచ్చిండా అని మాట్లాడుకుంటున్నం. మా ఇద్దరిని ఒక కమ్మరోడు కూసోబెట్టి సుత్తెతోటి కొట్టినా నోరు తెరిచేటట్టు లేము.

ఒక సంగతి మాత్రం సమజైతలే. అన్నీ ఉన్నయి. తలంబ్రాల బియ్యం ఉన్నయి, కర్పూరం ఉన్నది, అగ్గిపెట్టె తడవకుంట కవర్ల పెట్టింది. ఒడిబియ్యం మాత్రం లేవు. మర్చిపోయిందా? ఒక్కొక్క క్లిప్పు లెక్కపెట్టి తీసుకపోయేది మర్చిపోతదా? వద్దనుకున్నదా? పోసెటోల్లు ఎవరుంటరని, ఉన్న ఒక్క తల్లి చెయ్యి గిట్లాంటిది అని ఊకున్నదా? ఒడి నింపకుంట ఆడపిల్లను ఎవరన్న పంపుతరా? ఎవరూ లేని పిల్ల లెక్క ఇసుకల నిలబడి పోతదా నా బిడ్డ?



ఫిబ్రవరి 18, మంగళవారం

సోన మసూరి బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు, ఒక జాకిట్ గుడ్డ తీసుకుని కుల్సుమ్ ఇంటికి పోయిన. నువ్వు కలుపు అన్న. బియ్యంల పసుపు కలపాలె, నా చెయ్యి పెట్టొద్దు, నీకు ఇంటాయన ఉన్నడు గదా అన్న.

కుల్సుమ్ మా చెయ్యి మీ లెక్కల వస్తదా అని అడిగింది. ఎందుకు రాదు, చోటే మియా ఉన్నడా లేడా అన్న. వాకిట్ల ఆటో కడుగుతున్న చోటే మియా, "ఉన్న, ఉన్న, ఇంకా ఉన్న" అని ఆన్నుంచే పలికిండు. మస్తు నవ్వుకున్నం.

ఆమె చేట ముందట పెట్టుకున్నది. నేను చేతులు ఎనక కట్టుకుని నిలబడ్డ. ఇంకింత పసుపు, జర నూనె, అట్ల కాదు కిందికెళ్లి పైకి అని చెప్తుండిన. ఆమె కలుపుకుంట కలుపుకుంట ఆగింది.

"నువ్వు చెప్పవట్టె, నేను కలపవట్టె. గివి ఎవరు కలిపినట్టు?"

మూట కట్టినం. ఇంటికొచ్చి సంచి అడుగున, టార్చి పక్కన పెట్టిన. మొదటిసారి స్టూలెక్కనీకి బూజు, తొక్కు ఏం సాకు చెప్పుకోలే.

ఫిబ్రవరి 19, బుధవారం

మూట లేదు. సంచి అంతా ఎతికిన. తీసేసింది.

ఫిబ్రవరి 20, గురువారం

బియ్యం డబ్బాల చూసిన, కలపలే. బయట కోళ్లకు పోసినట్టు గూడ లేదు. యాడ పెట్టిందో తెల్వదు. అడుగుదామంటే ఏమని అడగాలె? నేను పెట్టని మూట ఏమైంది అనాలెనా?

పొద్దూకినంక నా ముందట కూసోని తల దువ్వమన్నది. చిన్నప్పటి లెక్క. నూనె పెట్టి దువ్విన. జుట్టు పలుచబడింది, బడిల మొత్తుకొని మొత్తుకొని. అమ్మా అన్నది. ఏంది బిడ్డా అన్న. ఏం లేదు అన్నది. జడ ఏసినంక గూడ జర సేపు అట్లనే కూసున్నది.

నా మీద నాకే కోపమొస్తున్నది. ఒక్క మాట నేనే అంటే ఏమైతుండె? పో బిడ్డా, మంచిగుండు అంటే నోరు పోతదా?

రేపు పొద్దుగాల్నే సెంటర్‌కు పోత. నేను ఇంట్లుంటే అది గడప దాటనీకి ఆగమైతది. దాన్ని ఇబ్బంది పెట్టొద్దు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

సెంటర్‌ల ఉన్న. అది నిద్రల ఉండంగనే వచ్చేసిన. ఈపాటికి లేచి ఉంటది. చీర ఆడనే కట్టుకుంటదట గదా. ఏమన్న తిన్నదో లేదో. పిల్లలకు పప్పు ఉడుకుతున్నది. కొంగు మీద పప్పు చింది మరక పడ్డది, కడుగబుద్ధి కాలే.

బయట ఆటో సప్పుడు. చోటే మియాది

ఫిబ్రవరి 22, శనివారం

నిన్న రాసింది సగంలనే ఉన్నది.

ఆటోల కుల్సుమ్, ఆమె పక్కన పావని. కాళ్ల కాడ నల్ల సంచి. పావని ఒడిల నా మూట. పిల్ల దిగి నా చెయ్యి పట్టుకుని, సెలవు చెప్పు అమ్మా, పోదాం అన్నది. యాడికి అన్న. ఇన్ని దినాలు అడగనిది అప్పుడు అడిగిన, తిక్కదాని లెక్క. నీకు తెల్వదా అన్నది. చీరన్న మార్చుకుంటనంటే టైము లేదన్నది. పప్పు, పిల్లలు ఆయమ్మకు అప్పజెప్పి, అంగన్‌వాడీ చీర మీదనే, మరక మీదనే ఆటో ఎక్కిన. లేచిపోయేది అదైతే, నన్ను తీస్కపోతున్నరు.

తొవ్వల చెప్పింది. ముందే చెప్తే నువ్వు రానంటుంటివి, నా చెయ్యి మంచిది కాదు, నేను రాను, ఇంట్ల కూసోని దండం పెడ్త అంటుంటివి, అందుకే చెప్పలే అన్నది. మూట ఎందుకు తీసినవ్ అన్న. సంచి బస్సులల్ల, ఆటోలల్ల కింద పెడ్తరు, కాళ్లు తగుల్తయి అన్నది. కుల్సుమ్ బయటికి చూసుకుంట కూసున్నది. ఇద్దరు కలిసి నన్ను ఎన్ని దినాల నుంచి ఆడిస్తున్నరో.

కొల్లాపూర్ దాటి సోమశిల. కృష్ణ శానా లోపటికి పోయింది. ఎండిన ఒండ్రు, ఇసుక, బోర్ల పడేసిన పుట్టి పడవలు. తాడు కట్టనీకి ఒక్క చెట్టు గూడ లేదు. ఇన్ని ఆలోచించిన పిల్ల అది ఆలోచించలే. తెర ఒక దిక్కు చోటే మియా పట్టిండు, ఒక దిక్కు శ్రవణ్ దోస్తు పట్టిండు. క్లిప్పులు మాత్రం చీర మార్చుకునే దుప్పటికి పనికొచ్చినయి. టార్చి పొద్దుగూకితే తొవ్వకట, గొడుగు ఎందుకంటే దీపానికట. కుల్సుమ్ గొడుగు అడ్డం పెట్టి కూసున్నది, దీపం నిలిచింది.

శ్రవణ్‌ను చూసిన. చెవులు పెద్దయి. నేను అనుకున్నంత మాడిపోలే. నన్ను చూడంగనే ఉడుకు ఇసుకల చెప్పులు ఇడిచి నిలబడ్డడు. మీరు వస్తరో రారో అని పొద్దటి నుంచి భయంగ ఉన్నదమ్మా అన్నడు. గొంతు మెత్తగున్నది. మంత్రాలు ఫోన్ల పెట్టిండ్రు. నడుమ బోరు మోటర్ల ప్రకటన వచ్చింది, అందరం అది అయిపోయేదాక ఆగినం. జీలకర్ర, బెల్లం ఒక రాయి మీద నేనే నూరిన. మూడు ముళ్లు ఏసిండు.

అప్పుడు పావని కొంగు నడుముకు దోపి, ఒడి పట్టి నా ముందట కూసున్నది.

నేను ఎనక్కి జరిగిన. కుల్సుమ్, బియ్యం నువ్వు పొయ్యి అన్న. కుల్సుమ్ చేతులు ఎనక కట్టుకుంది. నేను చెప్తుంట, నువ్వు పొయ్యి అన్నది. వద్దు వద్దు, పిల్ల కొత్త సంసారం, నా చెయ్యి తగుల్తే ఏమన్న అయితదని మొత్తుకున్న. నాకు నిజంగనే భయమైంది. నా నొసలు ఎట్లున్నదో నాకు తెలుసు గదా.

"గుడి దొరకక ఈడికి రాలే అమ్మా," అన్నది పావని. ఒడి పట్టినది పట్టినట్టే ఉన్నది. "యాడ చేసుకున్నా నిన్ను ఎవరో ఒకరు పక్కకు జరగమంటరు. జరగమనేటోల్లు లేని తావు ఎతికిన. ఇప్పుడు నువ్వే జరుగుతున్నవ్."

పోసిన.

ఇంకేం రాయను.

ఫిబ్రవరి 23, ఐతారం

నిన్ననే పావని అయిజ నుంచి బావకు ఫోన్ చేసి అన్నీ తనే చెప్పింది. నాగర్‌కర్నూలోల్లను రావద్దని ఆయన చెప్పుకోవలసి వచ్చింది. ఇయ్యాల పొద్దుగాల్నే వచ్చిండు, పెంటమ్మక్క గూడ వచ్చింది.

బావ శానా సేపు మొత్తుకున్నడు. కురుమూర్తి ఉంటే గిట్ల అయితుండెనా అన్నడు. ఊర్ల తల ఎట్ల ఎత్తాలె అన్నడు. నీకు ముందే తెలుసా అన్నడు. తెలుసు అన్న. మంచినీళ్లు ఇస్తే ముట్టలే. ఇగ మీ చేను మీరే చూసుకోండి, నేను గీ గడప తొక్కను అని చెప్పి, చెప్పులేసుకుని పోయిండు. ఆయన కోపానికి నేను ఏడ్చిన. ఆయన పోసిన నీళ్లతోటే ఇన్నేండ్లు ఆ చేను పండింది. ఎవరిని పట్టుకుని దున్నిపియ్యాలె? చోటే మియా చుట్టాలకు ట్రాక్టరు ఉన్నదట, అడగాలె.

పెంటమ్మక్క పోలే. గడప కాడనే నిలబడ్డది. బావ మూల మలిగేదాక చూసి లోపటికి వచ్చి కూసున్నది. పిలగాడు మంచోడేనా అని అడిగింది. చెవులు పెద్దయి, మంచోడే లెక్క ఉన్నడు అన్న. తర్వాత అడిగింది, మెల్లగనే.

"ఒడిబియ్యం ఎవరు పోసిండ్రు?"

"నేనే పోసిన అక్కా."

నా చేతుల దిక్కు చూసింది. తిడ్తదనుకున్న. తిట్టలే.

"చెయ్యి వణకలేదా?"

"వణికింది. శానా కింద పడ్డయి," అన్న. "మల్ల దోసిలి నింపి పోసిన."